బెట్టింగ్ బాకీకి ఖాళీ చెక్కు ఇచ్చాం, నోటీసు వచ్చింది. వీడియోలు పెట్టినతని మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి, మిర్చి పండిస్తాం. మా అబ్బాయి హనుమకొండలో డిగ్రీ చదివేవాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో బాగా పేరున్న ఒకతను రోజూ గెలిచిన డబ్బు చూపిస్తూ వీడియోలు పెడితే నమ్మి, 2025 ఐపీఎల్ అప్పుడు క్రికెట్ బెట్టింగ్ యాప్‌లో దిగాడు. దాచుకున్న 60 వేలు పోయాయి. తర్వాత వరంగల్ ఏజెంటు ఒకడు యాప్ ఐడీ ఇచ్చి, అందులో పందెం కాయడానికి ఉద్దెరకు పాయింట్లు వేశాడు. మధ్యలో ఒకసారి 80 వేలు అబ్బాయి ఖాతాకు పంపాడు. చివరికి 4 లక్షల 80 వేలు బాకీ అని తేల్చాడు. జూన్‌లో నలుగురిని వెంటేసుకుని ఇంటికొస్తే పరువు పోతుందని నా చెక్కులు రెండు సంతకం చేసి ఇచ్చాను, అంకెలు రాయలేదు. ఇప్పుడు వాటిలో ఒకటి బౌన్స్ అయిందని లాయరు నోటీసు వచ్చింది. 2025 ఏప్రిల్ 14న నాకు నగదు చేబదులు ఇచ్చినట్టు అందులో రాశారు. నోటీసు అందుకుని పదకొండు రోజులైంది. పెద్దమనుషులు కొత్త ప్రామిసరీ నోటు రాసిచ్చి చెక్కులు వెనక్కి తీసుకోమంటున్నారు. అబ్బాయి దోస్తులు ఫోన్‌లో ఉన్నవన్నీ తుడిచేయమంటున్నారు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ప్రభుత్వం ఈ యాప్‌లను నిషేధించింది కదా, ఆ వీడియోలు పెట్టినతని మీద కేసు వేసి మా డబ్బు రాబట్టుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరమంతా ఆ వీడియోల మీద కోపంతో ఉంది. కేసును తేల్చేది మాత్రం మీరు మధ్యలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన సంగతి: నోటీసు అందుకుని పదకొండు రోజులైంది. ముందు దాని గురించి మాట్లాడదాం.

చెక్కు బౌన్స్ కేసు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద నడుస్తుంది. నోటీసు అందిన రోజు నుంచి డబ్బు కట్టడానికి మీకు 15 రోజులు ఉంటాయి. కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు అతను కోర్టులో ఫిర్యాదు వేయాలి. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఈ జవాబు మీకు చేరేసరికి 15 రోజులు దాటిపోయినా సరే, రిప్లై నోటీసు పంపడం మానొద్దు. జవాబివ్వకుండా కూర్చుంటే ఫిర్యాదుదారు మాటలో నిజం ఉందని అనుకోవడానికి వీలుంటుందని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో ఒక తీర్పులో చెప్పింది. చాలామంది ‘కోర్టులో చూసుకుందాంలే’ అని నోటీసును బీరువాలో పెడతారు. రెండేళ్ల తర్వాత సాక్షి బోనులో బెట్టింగ్ సంగతి మొదటిసారి చెబితే, ఇది ఇప్పుడు అల్లిన కథ అని అవతలి వకీలు ఒక్క ప్రశ్నతో కొట్టేస్తాడు.

ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టడం ఎంత పెద్ద పొరపాటో మీకు తెలియాలి. ఎకరం అమ్మాలంటే పది మందిని అడుగుతారు. ఇక్కడ ఎవరినీ అడగకుండా దానికి సమానమైన పని చేశారు. ‘నేను సంతకం మాత్రమే చేశాను, అంకెలు అతనే రాసుకున్నాడు’ అనే వాదన మిమ్మల్ని కాపాడదు. సంతకం మీదేనని ఒప్పుకుంటే, ఆ చెక్కు బాకీ కోసమే ఇచ్చారని చట్టం 118, 139 సెక్షన్ల కింద ముందుగానే అనుకుంటుంది. ఖాళీగా ఇచ్చిన చెక్కుకూ ఇదే వర్తిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఆడింది కొడుకు, నేను కాదు’ అన్నా పని జరగదు. వేరొకరి బాకీ కోసం ఇచ్చిన చెక్కు కూడా 138 కిందికి వస్తుంది. చెక్కులు పోయాయని ఇప్పుడు స్టేషన్‌లో దరఖాస్తు ఇవ్వాలనే ఆలోచన ఉంటే మానుకోండి. అది అబద్ధమని తేలిన రోజున మీ మిగతా నిజం కూడా ఎవరూ నమ్మరు.

అయితే ఆ ఊహను మీరు తిప్పికొట్టవచ్చు. అందుకు ప్రాసిక్యూషన్ లాగా సందేహానికి తావు లేకుండా రుజువు చేయనక్కరలేదు. మీ మాటే ఎక్కువ నమ్మదగ్గదిగా ఉందని చూపిస్తే చాలు. ఇక్కడే మీ కేసులో అసలు ప్రశ్న వస్తుంది: మీ ఇంటికి రూపాయలు వచ్చాయా, పాయింట్లు వచ్చాయా?

పందెం ఒప్పందం చెల్లదని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. పందెంలో గెలిచిన సొమ్ము కోసం దావా వేయడానికి వీల్లేదు. ఒకప్పుడు పందెం చెల్లదే గానీ నేరం కాదు, కాబట్టి దాని కోసం ఇచ్చిన చేబదులు వసూలు చేసుకోవచ్చు అనే వాదన ఉండేది. 1959లో సుప్రీంకోర్టు గేరూలాల్ పారఖ్ కేసులో ఇంచుమించు అదే చెప్పింది. అవతలి వకీలు ఆ తీర్పు తప్పకుండా తెస్తాడు. దానికి మన జవాబు తెలంగాణ చట్టమే. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని మన రాష్ట్రం 2017లో సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలను కూడా నిషేధంలోకి తెచ్చింది. చట్టం నిషేధించిన పని కోసమని తెలిసీ ఇచ్చిన అప్పు కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ కింద చెల్లని ఒప్పందం అవుతుంది. ఐడీ ఇచ్చినవాడూ, పాయింట్లు వేసినవాడూ, బాకీ రాసుకున్నవాడూ ఒకడే అయితే ‘నాకు తెలియదు’ అనే మాట అతను అనలేడు.

అతనికీ ఈ సంగతి తెలుసు. నోటీసులో ఐడీ, పాయింట్లు, ఐపీఎల్ అనే మాటలు లేకుండా నగదు చేబదులు అని రాయించడానికి కారణం అదే. అందుకే ఆ ఏప్రిల్ 14 తేదీని పట్టుకోండి. ఆ రోజు అతని ఖాతాలో అంత డబ్బు ఉందా, తీశాడా, పన్ను రిటర్నులో చూపించాడా అని అడిగే హక్కు మీకుంది. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకోకూడదన్న ఆదాయపు పన్ను నిబంధన మీద మాత్రమే ఆధారపడకండి. దాన్ని ఉల్లంఘించినంత మాత్రాన బాకీ చెల్లకుండా పోదని పైన చెప్పిన 2025 తీర్పులోనే ఉంది. అతను మరికొంతమందికి కూడా మిత్తికి ఇస్తున్నాడని, లైసెన్స్ లేదని చూపించగలిగితే తెలంగాణ ప్రాంత మనీ లెండర్స్ చట్టం కూడా సివిల్ దావాలో మీకు పనికొస్తుంది. దానికి సాక్షులు కావాలి, ఊరి మాట సరిపోదు.

ఖాతాకు పంపిన 80 వేలు వేరే సంగతి. అది నిజంగా వచ్చిన డబ్బు, బ్యాంకులో కనిపిస్తుంది. దాన్ని దాచొద్దు. ఆ 80 వేలు పంపిన నిమిషాల్లోనే అబ్బాయి ఖాతా నుంచి యాప్‌కో, ఏజెంటు చెప్పిన యూపీఐకో వెళ్లిపోయి ఉంటే, ఎందుకిచ్చాడో స్టేట్‌మెంటే చెబుతుంది. ఇంకో మాట. చెక్కులో రాసిన మొత్తం ఆ రోజుకు చట్టప్రకారం రావాల్సిన మొత్తం అయి ఉండాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కొంత బాకీ తీర్చాక మొత్తానికీ చెక్కు వేసిన కేసు, మీ కేసు లాంటిదే కాదు. అయినా 80 వేలకు మించి చూపించలేనివాడు 4 లక్షల 80 వేల చెక్కు ఎలా వేశాడనే వాదనకు అది ఆధారంగా ఉంటుంది.

ఇప్పుడు ప్రామిసరీ నోటు. పెద్దమనుషులు మీ మేలు కోరే చెప్పి ఉండొచ్చు. కానీ ఆ సంతకం పెట్టకండి. ఈ రోజు మీ బాకీ బెట్టింగ్ బాకీ. దానికి చాట్లున్నాయి, పాయింట్లున్నాయి, చెల్లదనే వాదన ఉంది. కొత్త నోటులో ‘నా కుటుంబ అవసరాల నిమిత్తం నగదు ముట్టినది’ అని రాస్తారు. ఆ వాక్యంతో బెట్టింగ్ చరిత్ర అంతా తుడిచిపెట్టుకుపోయి, సాక్షుల ముందు ఒప్పుకున్న శుభ్రమైన చేబదులు మిగులుతుంది. చేబదులుకైనా, అడిగినప్పుడు కట్టాల్సిన ప్రామిసరీ నోటుకైనా కాలపరిమితి మూడేళ్లు. పాతదానికి 2028తో అయిపోయే గడువు కొత్త నోటు తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. ‘కొంచెం టైం ఇవ్వండన్నా, మెల్లగా కడతాం’ అని మీరు పంపే వాట్సాప్ మెసేజ్ కూడా ఆ దారిలోనే వెళ్తుంది. పదివేలు చేతిలో పెట్టి సంతకం చేసినా అంతే. పంచాయితీలో కూర్చోవాల్సివస్తే కూర్చోండి, కానీ పెన్ను ముట్టకండి. రాజీ కుదరాలంటే కోర్టులో కేసు వచ్చాక లోక్ అదాలత్ ఉంది. అక్కడ రెండు చెక్కులూ మీ చేతికి వచ్చేలా, మళ్లీ ఏ బాకీ లేదని రాసేలా చూసుకోవచ్చు.

అబ్బాయి దోస్తుల సలహా ఇంతకంటే ప్రమాదకరం. ఆ ఫోన్ తుడిస్తే మీ దగ్గర మీ మాట తప్ప ఏమీ మిగలదు. వాళ్ల భయం ఉత్తది కాదు. 2025లో వచ్చిన కేంద్ర చట్టం ఆడినవారిని శిక్షించదు, కానీ తెలంగాణ చట్టంలో ఆడినవారికి అలాంటి రక్షణ లేదు. కాబట్టి అబ్బాయి మీద కేసు పడనే పడదని నేను రాసివ్వలేను. నిర్వాహకుడికి పడే శిక్షతో పోలిస్తే అది చిన్నది. ఏడాదిలోపు శిక్ష ఉండే నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించడానికి ఏడాది కాలపరిమితి ఉంది. ఆ లెక్కలు మీ వకీలు చూస్తారు. అందుకే రిప్లై నోటీసు మీరు సొంతంగా రాసి పోస్టు చేయొద్దు. ఏ వాక్యం మిమ్మల్ని కాపాడుతుందో, ఏ వాక్యం అబ్బాయిని ఇరికిస్తుందో తెలిసినవారే అది రాయాలి.

ఫోన్‌ను ఉన్నది ఉన్నట్టు ఉంచండి. అమ్మొద్దు, మార్చొద్దు, రీసెట్ చేయొద్దు. స్క్రీన్‌షాట్లు ఒకరి నుంచి ఒకరికి ఫార్వర్డ్ చేస్తే అసలు విలువ పోతుంది. ఏజెంటుతో నడిచిన చాట్ మొత్తం, అతని నంబర్ కనిపించేలా, ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టండి. కోర్టులో అది చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అందులో ఒక భాగం ఫోన్ వాడే మీ అబ్బాయి, రెండో భాగం నిపుణుడు ఇవ్వాలి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు అబ్బాయి బ్యాంకు స్టేట్‌మెంట్ బ్రాంచి ముద్రతో తీసుకోండి.

ఇక మీరు అడిగిన ప్రశ్న. ఆ వీడియోలు పెట్టినతని నుంచి డబ్బు వస్తుందా? రాదనే చెప్పాలి. 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటల ప్రకటనలకు రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పెట్టింది. దానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చింది 2025 ఆగస్టు 22న. మీ అబ్బాయి ఆడింది ఐపీఎల్‌లో, అంటే అంతకుముందు. జరిగినప్పుడు లేని శిక్షా చట్టాన్ని వెనక్కి వర్తింపజేయడానికి రాజ్యాంగం 20వ అధికరణ ఒప్పుకోదు. ‘ప్రభుత్వం నిషేధించింది కదా’ అనే మీ ఆశ ఆ తేదీ దగ్గర ఆగిపోతుంది.

అంతమాత్రాన అతను తప్పించుకున్నట్టు కాదు. బెట్టింగ్ ప్రకటనలు వేయొద్దని కేంద్ర సమాచార, ప్రసార శాఖ 2022 జూన్ నుంచే చెబుతోంది. 2024 మార్చిలో సోషల్ మీడియాలో ప్రచారం చేసేవారిని కూడా హెచ్చరించింది. వినియోగదారుల రక్షణ చట్టం 21వ సెక్షన్ కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు, దాన్ని ప్రచారం చేసినవారికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల వరకు జరిమానా వేయగలదు, ఏడాది వరకు ప్రచారం చేయకుండా ఆపగలదు. ఆ జరిమానా మీ ఇంటికి రాదు. 2025 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట, మియాపూర్ స్టేషన్లలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారకర్తల మీద కేసులు పెట్టింది తెలంగాణ గేమింగ్ చట్టంతో పాటు మోసానికి సంబంధించిన సెక్షన్లు కలిపే. మీ ఫిర్యాదుకూ అదే దారి ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో పరిహారం అడగాలంటే రెండేళ్లలోపు వేయాలి, కానీ నిషేధించిన ఆటలో దిగి పోగొట్టుకున్న సొమ్ముకు పరిహారం అడగడం బలహీనమైన కేసు. మీ దగ్గర ఫీజు తీసుకుని అది వేయిస్తామనేవారిని నమ్మకండి.

అయినా ఫిర్యాదు ఇవ్వండి. డబ్బు కోసం కాదు. ఆ వీడియో లింకు, అందులోని యాప్ పేరు, ఏజెంటు నంబర్ ఒకే ఫిర్యాదులో పోలీసు రికార్డుకు ఎక్కితే, ‘ఇది బెట్టింగ్ బాకీ’ అనే మీ మాటకు చెక్కు కేసులో బలం వస్తుంది. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇచ్చి, ఆ ఫిర్యాదు నంబరు వరంగల్ కమిషనరేట్ సైబర్ క్రైమ్ స్టేషన్‌లో చూపించండి. ఇన్ని నెలల తర్వాత 1930కి ఫోన్ చేస్తే డబ్బు ఆగుతుందని ఆశ పెట్టుకోవద్దు, అది డబ్బు పోయిన వెంటనే చేయాల్సిన పని. జూన్‌లో నలుగురితో వచ్చి బెదిరించి చెక్కులు తీసుకున్న సంగతి కూడా అందులోనే రాయండి. పక్కింట్లో సీసీ కెమెరా ఉందా, ఎవరు చూశారు, ఏమన్నారు అనేవి గుర్తున్నంతవరకు తేదీతో సహా రాయండి. అది భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 308, 351 సెక్షన్ల కిందికి రావొచ్చు. అప్పుడే ఎందుకు ఫిర్యాదు చేయలేదని అడుగుతారు. పరువు కోసమని నిజమే చెప్పండి.

రేపు పొద్దున్నే చేయాల్సింది చెబుతాను. నోటీసు, దాని కవరు (పోస్టు ముద్ర మీద తేదీ ఉంటుంది), అబ్బాయి ఫోన్, స్టేట్‌మెంట్ పట్టుకుని అబ్బాయిని వెంటబెట్టుకుని హనుమకొండ వెళ్లండి. వకీలు ఫీజు భారమైతే అదాలత్ జంక్షన్ దగ్గర కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్హతను బట్టి ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. రిప్లై నోటీసులో రెండో చెక్కును వెనక్కి ఇవ్వాలని తప్పకుండా అడిగించండి. దాని మీద కూడా అతను ఎప్పుడైనా తేదీ వేసుకోవచ్చు. స్టాప్ పేమెంట్ రాసిస్తే 138 నుంచి తప్పించుకున్నట్టే అనుకోకండి. ముందు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో రిప్లై వెళ్లాలి. రసీదు పదిలంగా పెట్టుకుని, ఆ తర్వాతే బ్యాంకుకు వెళ్లండి.