‘నేనుతో’ అని ఎవరూ అనరు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు ఇంగ్లీషులో రాసి పంపిన కథ రెండుసార్లు చదివాను. తాతగారి ఉత్తరం ఇంటికి చేరిన రోజు మీ అమ్మ పాత్ర దాన్ని విప్పకుండా బియ్యం డబ్బాలో దాచిపెట్టే ఘట్టం నా మనసులో ఉండిపోయింది. కథ నడక గురించి మరోసారి వివరంగా రాస్తాను. ఈ ఉత్తరం మాత్రం ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను: ఇంగ్లీషులో ‘టు’, ‘విత్’, ‘బిట్వీన్’ వంటి ప్రిపోజిషన్ తరువాత సర్వనామం ఏ రూపంలో రావాలి, మాటల్లో అది ఎలా ఉంటుంది, రాతలో ఎలా ఉండాలి అన్నది. చిన్న విషయంగానే కనిపిస్తుంది, కాని సంపాదకుల చూపు మొదట ఆగేది ఇక్కడే.

మొదటి పేజీలోనే ‘ది లెటర్ వాజ్ అడ్రెస్డ్ టు మై మదర్ అండ్ ఐ’ అని రాశావు. ఆ వాక్యంలోంచి అమ్మను కాసేపు పక్కన పెట్టి చదువు. ‘అడ్రెస్డ్ టు ఐ’ అని నీ చెయ్యి రాయదు, ‘టు మీ’ అనే రాస్తుంది. అమ్మ వచ్చి పక్కన నిలబడినంత మాత్రాన ఆ ‘మీ’ కాస్తా ‘ఐ’ కావలసిన పని లేదు. ‘టు మై మదర్ అండ్ మీ’ అన్నదే సరైన వాక్యం. పక్క మనిషిని తీసేసి చదివి చూసే ఈ పరీక్ష అరక్షణంలో అయిపోతుంది, తొంభై పాళ్లు దారి చూపిస్తుంది.

అయితే నియమం చెప్పి ఊరుకుంటే నీకు న్యాయం జరగదు. ఈ తప్పు ఎందుకు జరుగుతుందో తెలిస్తేనే అది చేతికి రాకుండా పోతుంది. నీ మాతృభాషలో ఈ తప్పు నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా చేసి ఉండవు. ‘నేనుతో’ అని ఎవరూ అనరు, నాలుగేళ్ల పిల్ల కూడా ‘నాతో’ అనే అంటుంది. ‘నేను’ అన్నది విభక్తి తగలగానే ‘నా’ అవుతుంది, ‘నువ్వు’ ‘నీ’ అవుతుంది, ‘మేము’ ‘మా’ అవుతుంది, ‘ఇల్లు’ ‘ఇంటి’ అయినట్టే. ఇంగ్లీషులో ‘ఐ’ ‘మీ’ కావడం, ‘హీ’ ‘హిమ్’ కావడం, ‘దే’ ‘దెమ్’ కావడం సరిగ్గా ఇదే పని. తేడా ఎక్కడంటే, మనం విభక్తిని ప్రతి మాటకూ విడివిడిగా తగిలిస్తాం. ‘అమ్మకూ నాకూ’ అంటాం, ‘నీకూ నాకూ మధ్య’ అంటాం. ఎవరి ‘కు’ వారికి ఉంటుంది కనుక పొరబాటుకు తావు లేదు. ఇంగ్లీషు ప్రిపోజిషన్ ముందు ఒక్కసారే వచ్చి, తన వెనక ఉన్న ఇద్దరినీ ఏలుతుంది. ‘టు’ అన్న మాట ‘మై మదర్’ను దాటి వచ్చేసరికి దాని పట్టు మన చెవికి ఆనదు. అందువల్ల రెండో మనిషి మళ్లీ కర్త రూపంలోకి జారిపోతాడు.

‘బిట్వీన్ యూ అండ్ ఐ’ అన్న ప్రసిద్ధమైన పొరబాటుకు ఇంకో కారణం కూడా ఉంది. ‘యూ’ అన్న మాట కర్తగా ఉన్నా కర్మగా ఉన్నా ఒకేలా ఉంటుంది. పాత ఇంగ్లీషులో కర్తగా ‘యీ’ అని వేరే రూపం ఉండేది, ‘యూ’ కర్మ రూపం. కాలక్రమంలో ‘యూ’ ఆ రెండు చోట్లనూ ఆక్రమించింది. ప్రిపోజిషన్ పక్కనే ఉన్న మాట ఏ మార్పూ చూపించకపోతే, దాని తరువాతి మాట మారాలన్న హెచ్చరిక రాసేవారికి ఎక్కడి నుంచి అందుతుంది? షేక్స్పియర్ వెనిస్ వర్తకుడి నాటకంలో ఆంటోనియో రాసే ఉత్తరంలోనూ ఇదే ‘యూ అండ్ ఐ’ ఉంది. దాన్ని సాకుగా చూపించమని చెప్పడం లేదు, ఈ జారుడు నాలుగు వందల ఏళ్ల కిందటి వారికీ ఉండేదని మాత్రమే చెబుతున్నాను. మన కాలంలో దీనికి భయం కూడా తోడైంది. ‘హిమ్ అండ్ మీ ఆర్ గోయింగ్’ అంటే బడిలో మందలింపు తిన్న పిల్లలు ‘మీ’ అన్న మాటే మొరటుదనుకుని, అది అవసరమైన చోట కూడా ‘ఐ’ రాస్తారు. ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక పత్రికకు పంపిన వ్యాసంలో నేనూ అలాగే రాశాను. రాతప్రతి తిరిగి వచ్చినప్పుడు ఆ ‘ఐ’ చుట్టూ పెన్సిలుతో గీసిన సున్నా ఒక్కటే ఉంది, వివరణ ఏమీ లేదు. ఆ సున్నా అర్థం కావడానికి నాకు వారం పట్టింది. నీకు అంత సమయం పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ భయమే కొందరిని ‘మైసెల్ఫ్’ దగ్గరికి తీసుకుపోతుంది. ‘ఐ’ రాయాలో ‘మీ’ రాయాలో తేలకపోతే మర్యాదగా వినిపిస్తుందని ‘కైండ్లీ రిప్లై టు మైసెల్ఫ్’ అని రాస్తారు. ఆఫీసు ఉత్తరాల్లో ఇది రోజూ కనిపిస్తుంది. అక్కడ ‘టు మీ’ చాలు, అందులో అమర్యాద ఏమీ లేదు. ‘సెల్ఫ్’ రూపం రావాలంటే పని చేసేవారూ, ఆ పని చేరేవారూ ఒకరే కావాలి. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మన రాజ్యాంగ పీఠికలోనే ఉంది. 1949 నవంబరు 26న ఆమోదించిన ఆ వాక్యంలో కర్త ‘ఉయ్, ది పీపుల్ ఆఫ్ ఇండియా’, చివర ‘గివ్ టు అవర్‌సెల్వ్స్’ అని ఉంటుంది. ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకరే కనుక అక్కడ ‘అస్’ చాలదు. తెలుగులో ఆ భారం క్రియ మోస్తుంది. ‘ఇచ్చుకుంటున్నాం’ అనడంలో ఉన్న ఆ ‘కొను’ చేసే పనిని ఇంగ్లీషులో ‘సెల్ఫ్’ చేస్తుంది.

నీ కథలో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపిన వాక్యం మాత్రం వేరే. చీకట్లో కాలువ గట్టు మీద మీ అమ్మ, పిన్ని నడుస్తుంటారు. అక్కడ ‘మై ఆంట్ లుక్డ్ బిహైండ్ హర్‌సెల్ఫ్’ అని రాశావు. చూసింది పిన్ని, వెనక ఉన్నదీ పిన్ని వెనకే, కాబట్టి ఇప్పుడు చెప్పిన నియమం ప్రకారం ‘హర్‌సెల్ఫ్’ రావాలని నువ్వు అనుకోవడం సహజం. కాని చోటును చెప్పే ప్రిపోజిషన్ల తరువాత ఇంగ్లీషు మామూలుగా ‘సెల్ఫ్’ను కోరదు. ‘షీ లుక్డ్ బిహైండ్ హర్’ అంటారు, ‘హీ టుక్ ది అంబ్రెల్లా విత్ హిమ్’ అంటారు. సరే, ‘బిహైండ్ హర్’ అని దిద్దుదామంటే అక్కడ కొత్త చిక్కు వచ్చి కూర్చుంటుంది. ఆ వెనక పిన్ని వెనకా, అమ్మ వెనకా? మనకైతే ‘తన వెనక’ అన్న మాట ఉంది, ‘ఆమె వెనక’ అన్న మాట వేరుగా ఉంది. ‘తన’ అనగానే ఆ చూపు పిన్నిదేననీ, ఆ వెనక కూడా పిన్నిదేననీ తేలిపోతుంది. ఈ ఒక్క సర్వనామం చేసే మేలు నాకు తెలుగులో రాసినంతకాలం తెలియలేదు, ఇంగ్లీషులో అది లేక తడుముకున్నప్పుడు తెలిసింది. ఇలాంటి చోట సర్వనామంతో కుస్తీ పట్టకు, వాక్యాన్నే మార్చు. ‘మై ఆంట్ టర్న్డ్ అండ్ లుక్డ్ బ్యాక్’ అంటే సందేహానికే చోటు లేదు.

ఇక ‘హూమ్’ సంగతి. టికెట్ పోయిన ఘట్టంలో నీ బస్సు కండక్టరు ‘టు హూమ్ డిడ్ యూ గివ్ ది టికెట్?’ అని అడుగుతాడు. వ్యాకరణం తప్పు కాదు, కాని కండక్టరు అలా మాట్లాడడు. ‘హూ డిడ్ యూ గివ్ ఇట్ టు?’ అంటాడు. ప్రిపోజిషన్ వాక్యం చివర పడకూడదన్న బడి నియమం నీ చెయ్యి పట్టుకున్నట్టుంది. ఆ అభ్యంతరం 1672లో జాన్ డ్రైడెన్ తన ముందుతరం నాటకకర్త బెన్ జాన్సన్ రాతను తప్పుపడుతూ చెప్పిన మాట. 1762లో వ్యాకరణం రాసిన రాబర్ట్ లౌత్ అంత కఠినంగా లేడు. సంభాషణలోనూ చనువైన రాతలోనూ అలా చివర రావడం ఆ భాష నైజమని ఒప్పుకున్నాడు, గంభీరమైన శైలికి మాత్రం ముందుంచడమే తగినదన్నాడు. నేను అనుసరించేది ఆయన దారినే. పాత్రల నోట చివరికి వెళ్లనీ, కోర్టు నోటీసులో, దరఖాస్తులో, వ్యాసంలో ముందుంచు. ముందుంచినప్పుడు మాత్రం రాజీ లేదు, ‘టు హూ’ అని కాక ‘టు హూమ్’ అనే రాయాలి. ఏడో పేజీలో ‘ది పెన్ విత్ దట్ హీ సైన్డ్’ అన్నావు. ‘దట్’ ముందు ప్రిపోజిషన్ నిలవదు. ‘విత్ విచ్ హీ సైన్డ్’ అనైనా అను, ‘దట్ హీ సైన్డ్ విత్’ అనైనా అను.

‘దాన్’ విషయంలో పెద్దలే ఏకాభిప్రాయానికి రాలేదు. మన ‘కంటె’ పంచమి విభక్తి కనుక ‘నాకంటే’ అని నిశ్చింతగా అంటాం. ఇంగ్లీషులో ‘దాన్ మీ’ మాటల్లో అందరూ అనేదే, నియమనిష్ఠలున్న రాతలో ‘దాన్ ఐ’ కోరేవారున్నారు. ‘దాన్ ఐ డూ’ అని క్రియ చేర్చి రాస్తే ఇద్దరికీ అభ్యంతరం ఉండదు.

చివరిగా మన విభక్తులు ఇంగ్లీషులోకి దొంగచాటుగా వచ్చే తావులు. ‘నా మీద కోపం’ ‘యాంగ్రీ ఆన్ మీ’ అయిపోతుంది, కావలసింది ‘యాంగ్రీ విత్ మీ’. ‘అతనితో పెళ్లి’ ‘మ్యారీడ్ విత్ హిమ్’ అవుతుంది, కావలసింది ‘మ్యారీడ్ టు హిమ్’. ‘దాని గురించి చర్చించారు’ అన్న మాటలోని ‘గురించి’ వచ్చి ‘డిస్కస్డ్ అబౌట్ ఇట్’ రాయిస్తుంది, అక్కడ ‘అబౌట్’ అవసరమే లేదు. మన ‘నాకు’ అయితే రెండు వైపులా మోసం చేస్తుంది: ‘నాకు చెప్పు’ అన్నది ‘టెల్ మీ’, కాని ‘నాకు వివరించు’ అన్నది ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’. ఇవి నియమంతో పట్టుబడవు. క్రియనూ దాని ప్రిపోజిషన్‌నూ సర్వనామంతో సహా ఒక్క మాటలా చెవికి ఎక్కించుకోవాలి. నేను ఇప్పటికీ చదివేటప్పుడు తగిలిన ప్రతిదాన్నీ ‘హిమ్’తో కలిపే చిన్న పుస్తకంలో రాసుకుంటాను.

నీ కథలో మేనత్త ‘యాంగ్రీ ఆన్ మీ’ అన్న చోట మాత్రం చెయ్యి పెట్టవద్దు. ఆమె ఊరి బడిలో నేర్చిన ఇంగ్లీషు అది, ఆమె నోట అదే నిజం. అదే మాట పన్నెండో పేజీలో కథ చెబుతున్న అమ్మాయి కూడా అంటుంది. ఆ అమ్మాయి హైదరాబాదులో ఇంగ్లీషు పాఠం చెప్పే మనిషి కదా, అక్కడ దిద్ది పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు