ఒంటిగది ఫ్లాట్‌లో పగడాల ట్యాంకు: మేనకోడలికి మావయ్య సలహాలు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మంచం, వంటగట్టు, బల్ల, కిటికీ అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. ఇందులో బతికున్న పగడాలూ చేపలూ పెంచే ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టుకోవచ్చా అని అడిగావు. పెట్టుకోవచ్చు, బాగానే నడుస్తుంది. కాకపోతే ఏ ట్యాంకు కొనాలి, ఏ చేపలు వెయ్యాలి అని మొదలుపెట్టకు. ముందు గది సంగతి తేల్చుకో. నాలుగు గదుల ఇంట్లో ట్యాంకు ఓ మూల దాని మానాన అది ఉంటుంది. నీ గదిలో అలా కుదరదు. నువ్వు వదిలే ఊపిరి, వంట పొగ, దోమల మందు అన్నీ ఆ నీళ్ళలోకి చేరతాయి. ఆ నీళ్ళ తేమ, పంపు చప్పుడు, నీలం లైటు నీ మంచం దాకా వస్తాయి.

సైజు దగ్గర ఒక మాట. చిన్న గది కదా అని 20 లీటర్ల డబ్బా కొనకు. ఉప్పునీళ్ళలో చిన్న ట్యాంకే కష్టం. మేత కాస్త ఎక్కువ పడినా, రాళ్ళ వెనక నత్త ఒకటి చచ్చి కుళ్ళినా 80 లీటర్లు ఓర్చుకుంటాయి, 20 లీటర్లు ఓర్చుకోవు. 70, 80 లీటర్లది, వెనక భాగంలో ఫిల్టర్ అరలు కలిసి ఉన్నది తీసుకో. ఫిల్టర్ కోసం స్టాండు కింద విడిగా పెట్టే సంపు ట్యాంకు, పైపులు లాంటివి నీకు వద్దు. నీళ్ళు, గాజు, రాళ్ళు, ఇసుక, స్టాండు కలిపి 120 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. పుస్తకాల షెల్ఫూ, చదువుకునే బల్లా ఆ బరువు మొయ్యవు. ట్యాంకు కోసమే చేసిన స్టాండు తీసుకుని, గోడకి ఆనుకునేట్టు, నాలుగు కాళ్ళూ సమంగా ఆనేట్టు పెట్టు. నీళ్ళు పోశాక సర్దుదాం అనుకోకు, అప్పుడు అది కదలదు.

కిటికీ పక్కన వద్దు. ఎండకి నీళ్ళు వేడెక్కుతాయి, పాచి పడుతుంది. పొయ్యి పక్కన అసలే వద్దు. స్విచ్‌బోర్డుకి దగ్గరగా ఉండాలి గానీ సరిగ్గా దాని కింద ఉండకూడదు. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఓసారి వేలాడి మళ్ళీ పైకి వెళ్ళేట్టు పెట్టు. వైరు వెంట జారే చుక్క ఆ వంపు దగ్గర నేల మీద పడిపోతుంది, ప్లగ్గులోకి పోదు. ఉప్పునీళ్ళ చెమ్మ ఎండి తెల్లగా పొడిలా పేరుకుంటూ వైర్ల మీదుగా పాకుతుంది కూడా. వారానికోసారి తడిగుడ్డతో తుడువు. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ బ్రేకర్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించు. ఈ ఒక్క దాంట్లో పొదుపు చెయ్యకు.

గాలి సంగతి చాలామందికి తట్టదు. తలుపులు మూసిన చిన్న గదిలో మనిషి పడుకుంటే తెల్లారేసరికి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అది నీళ్ళలో కరిగి పీహెచ్‌ని కిందికి లాగుతుంది. పగలు 8.2 ఉన్నది పొద్దున్నకి 7.8కి దిగిందంటే కంగారుపడి పీహెచ్ పెంచే మందు సీసా కొనకు. కాసేపు కిటికీ తెరువు, చాలు. అదే గాలిలో నువ్వు కొట్టే పురుగుల మందు స్ప్రే, రూమ్ ఫ్రెషనర్ కూడా నీళ్ళలో కరుగుతాయి. ఆ స్ప్రేల్లో ఎక్కువగా ఉండే పైరెత్రాయిడ్ మందులకి రొయ్యలూ పీతలూ పురుగుల్లాగే చచ్చిపోతాయి. ఇవాళ్టి నుంచి ఆ గదిలో స్ప్రే డబ్బా ఉండకూడదు. చేతులకి లోషన్ రాసుకుంటే కడుక్కోకుండా నీళ్ళలో పెట్టకు.

లైటు టైమరు నీ దినచర్యని బట్టి పెట్టుకో. పగడాల ఒంట్లో కంటికి కనపడని శైవలాలు ఉంటాయి. అవి వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి, అందుకే లైటుకి అంత ప్రాముఖ్యం. కానీ అది పొద్దున ఆరింటికే వెలగాలని రూలేం లేదు. రోజూ ఒకే వేళకి 8, 9 గంటలు వెలిగితే చాలు. మధ్యాహ్నం 12కి వెలిగి రాత్రి 9కి ఆరేట్టు పెడితే ఆఫీసు నుంచి వచ్చాక నీకూ చూసుకునే టైము ఉంటుంది, నిద్రకీ ఇబ్బంది ఉండదు. కొత్త లైటుని మొదట సగం కంటే తక్కువలో పెట్టి, కొన్ని వారాల మీద పెంచు.

ఇక నీళ్ళు. కుళాయి నీళ్ళు వాడకు. క్లోరిన్, ఫాస్ఫేట్, సిలికేట్, ఒక్కోసారి పైపుల్లోని రాగి కూడా వస్తాయి. రాగి కొంచెం ఉన్నా రొయ్యలకీ నత్తలకీ విషమే. ఆర్‌ఓ తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గుండా కూడా వెళ్ళిన నీళ్ళు కావాలి, నీళ్ళలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించాలి. తాగే ఆర్‌ఓ నీళ్ళు ఆ లెక్కకి రావు. మంచం కింద రెండు 20 లీటర్ల క్యాన్లు పెట్టుకో, ఒకటి ఉప్పు కలపని ఈ శుద్ధి నీళ్ళకి (వీటినే మంచినీళ్ళంటాను), ఒకటి ఉప్పు కలిపిన నీళ్ళకి. రెండూ వేరే రంగుల్లో ఉండాలి. ఒకేలా ఉంటే ఏదో ఒక రాత్రి నిద్రమత్తులో తారుమారవుతాయి.

ఉప్పంటే అక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పు మిశ్రమం, వంట ఉప్పు కాదు. లీటరుకి 35 నుంచి 38 గ్రాములు పడుతుంది, కంపెనీని బట్టి మారుతుంది. విడిగా బకెట్లో చిన్న పంపు వేసి కొన్ని గంటలు తిరగనివ్వాలి. జీవాలున్న ట్యాంకులో ఉప్పు నేరుగా పొయ్యకూడదు. నీ లక్ష్యం సాంద్రత 1.025 లేదా 1.026, అంటే వెయ్యికి 35 పాళ్ళు. కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనుక్కుని, 35 పాళ్ళ ద్రావణంతోనే సరిచూసుకో.

ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. కాబట్టి రోజూ తగ్గిన మేరకు మంచినీళ్ళే పొయ్యాలి. ఉప్పునీళ్ళు పోస్తే వారం తిరిగేసరికి ఉప్పు పెరిగిపోతుంది. ఈ పని దానంతటదే చేసే ఆటో టాప్ ఆఫ్ పరికరం ఉంటుంది. హీటరు తర్వాత నేను కొనమనేది అదే. నీళ్ళు తగ్గితే వెనక అరలో గుడగుడ చప్పుడు కూడా మొదలవుతుంది, ఆ పక్కనే పడుకునేది నువ్వు. గాలి బుడగలతో నీళ్ళలో మురికిని నురగగా తీసే స్కిమ్మర్ కొనమని ఎవరైనా అంటే వద్దను. ఈ సైజుకి వారంవారం నీళ్ళు మార్చడమే సరిపోతుంది, పైగా అది రాత్రంతా బుసకొడుతూనే ఉంటుంది.

రాళ్ళు పేర్చేటప్పుడు ముందు రాళ్ళని అడుగు గాజు మీద పెట్టి, తర్వాత చుట్టూ అరగోనైట్ ఇసుక పొయ్యి, 3 సెంటీమీటర్ల మందం చాలు. ఇసుక మీద రాళ్ళు పెడితే కింద తవ్వే జీవాల వల్ల కూలిపోతాయి. గాజు తుడవడానికి చెయ్యి పట్టేంత సందు అన్ని వైపులా వదులు. రాళ్ళ సన్న రంధ్రాల్లో చేరే బ్యాక్టీరియానే నీ అసలు ఫిల్టర్.

ఆ బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపల మలం, మిగిలిన మేత కుళ్ళితే వచ్చే విషం అమ్మోనియా, దాన్ని ఖర్చు చేసేది ఈ బ్యాక్టీరియానే. చేపలు లేకుండానే వాటికి మేతగా అమ్మోనియం క్లోరైడ్ చుక్కలు వేసి అమ్మోనియాని 2 పీపీఎం (పది లక్షల పాళ్ళకి 2 పాళ్ళు) దాకా తీసుకురా. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. 2 పీపీఎం వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి వస్తే ట్యాంకు సిద్ధమైనట్టు. కొందరు ఓ చేపని వేసి ఈ పని కానిస్తారు. దాని మొప్పలు అమ్మోనియాకి కాలిపోతాయి, అలా చెయ్యకు.

తర్వాత ట్యాంకు అసహ్యంగా తయారవుతుంది. ముందు ఇసుక మీద గోధుమరంగు పొర, తర్వాత రాళ్ళకి పచ్చటి జుట్టులాంటి పాచి, ఒక్కోసారి ఎర్రటి జిగురు తెర. రెండు మూడు నెలలు ఇలాగే ఉంటుంది. చాలామంది సరిగ్గా ఇక్కడే టెన్షన్ పడి రకరకాల మందులు పోసి అసలుకే మోసం తెచ్చుకుంటారు. చేత్తో పీకెయ్యి, పాత బ్రష్షుతో రుద్ది సైఫన్‌తో లాగెయ్యి, మేత తగ్గించు. నైట్రేట్, ఫాస్ఫేట్ బొత్తిగా సున్నా చెయ్యాలని మాత్రం పట్టుబట్టకు. నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గర ఉంటే చాలు. రెండూ సున్నా అయితే డైనోఫ్లాజెలేట్లనే ఇంకా మొండి రకం దిగుతుంది. ఒకరోజు రాయి మీద ఊదారంగు చుక్క ఒకటి కనపడుతుంది, అది కోరలైన్ ఆల్గే. అది వ్యాపించడం మొదలైతే నీళ్ళు కుదురుకుంటున్నట్టే.

పాచి తినడానికి నత్తలు వెయ్యి. ట్రోకస్ రకం అడుగు. బోర్లా పడితే అది తనంతట తాను తిరుగుతుంది, ఆస్ట్రేయా రకం తిరగలేక అక్కడే చస్తుంది. హెర్మిట్ పీతలు ముచ్చటగా ఉంటాయి గానీ గుల్ల కోసం బతికున్న నత్తని చంపుతాయి. వేస్తే ఖాళీ గుల్లలు నాలుగు పక్కన పడెయ్యి.

చేపలు రెండు, మహా అయితే మూడు. ఒసెల్లారిస్ క్లౌన్ చేపలు జంటగా తెచ్చుకో, ట్యాంకులో పుట్టి పెరిగినవే అడుగు. అవన్నీ మొదట మగవే. రెండు చిన్నవి కలిసి పెరిగితే పెత్తనం చేసేది ఆడదవుతుంది. వాటికి ఎనిమోన్ (అవి దాక్కునే, పువ్వులా ఉండే జీవి) ఉండితీరాలనేది అపోహ. పైగా ఎనిమోన్ నడుచుకుంటూ వెళ్ళి పంపులో పడుతుంది, మొదటి ఏడాది దాని జోలికి పోకు. టాంగ్ చేపలకి ఈ చోటు చాలదు. మాండరిన్ చేప కోపిపాడ్లనే చిన్న చిన్న జీవుల్ని రోజంతా ఏరుకుతింటుంది, కొత్త ట్యాంకులో ఆకలితో మాడి చస్తుంది. ఫైర్‌ఫిష్ లాంటివి ఎగిరి దూకుతాయి, ఏ చేప వేసినా పైన వలమూత ఉండాలి.

మూడోదిగా గోబీ చేప, పిస్టల్ రొయ్య జత తెచ్చుకోమంటాను. రొయ్యకి చూపు సరిగ్గా ఆనదు. అది బుల్డోజర్‌లా ఇసుక తోసుకుంటూ వస్తుంది, ఒక మీసం మాత్రం ఎప్పుడూ గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. గోబీ తోక ఒక్కసారి అదిరిందంటే రొయ్య క్షణంలో బొరియలో ఉంటుంది. గంటసేపు చూసినా విసుగు రాదు. ఒకటే చిక్కు, ఆ రొయ్య గోరుతో టక్కుమని పేలుస్తుంది. అర్ధరాత్రి గాజు పగిలిందనుకుని లేస్తావు. నీకు తేలిక నిద్ర అయితే ఈ జత మానెయ్.

పగడాలు మూడో నెల దాటాకే. మీ దగ్గర చట్టం వేటిని ఉంచుకోనిస్తుందో ముందే కనుక్కో, రాతి పగడాల అంతర్జాతీయ వ్యాపారం మీద అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం నియంత్రణ ఉంది. సముద్రంలోంచి విరిచి తెచ్చినవి వద్దు, ట్యాంకుల్లో పెంచిన ముక్కలు తీసుకో. మష్రూమ్ కోరల్, లెదర్ కోరల్ మొదటివారికి బాగా నప్పుతాయి. గ్రీన్ స్టార్ పాలిప్ అందంగా పచ్చిక పరిచినట్టు ఉంటుంది గానీ పక్కవాటిని మింగేస్తుంది. దాన్ని విడి రాయి మీదే ఉంచు. ఏది తెచ్చినా డిప్ ద్రావణంలో ముంచి, పురుగులు రాలాకే లోపల పెట్టు.

పగడాల బంధువులైన జోవాంతిడ్స్ గురించి విడిగా చెప్పాలి. రంగురంగుల బొత్తాల్లా ఉంటాయి, పెంచడం తేలిక, అందరూ కొంటారు. వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే చాలా ఘోరమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోకు, ఇంట్లో కోయకు. ఆ రాయిని శుభ్రం చేద్దామని వేడినీళ్ళు పొయ్యడం, మరిగించడం ఎప్పుడూ చెయ్యకూడదు. అలా మరిగించిన ఆవిరి పీల్చి కుటుంబాలకి కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలున్నాయి. నీకు వంటగట్టూ మంచమూ ఒకే గదిలో కాబట్టి అసలు తేకపోతేనే మేలు.

రోజువారీ పని పెద్దగా ఉండదు. వేడి 25, 26 డిగ్రీలు. హీటర్లు పాడైతే ఒక్కోసారి ఆరకుండా ఉండిపోతాయి, అందుకని వేడి హద్దు దాటితే హీటరుని ఆపేసే కంట్రోలర్ ఒకటి విడిగా పెట్టు. వేసవిలో నీళ్ళమీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, అయితే నీళ్ళు ఎక్కువ ఆవిరవుతాయి, గదిలో తేమ పెరుగుతుంది. వారానికి 7, 8 లీటర్లు మార్చు. ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా నీళ్ళకి ఉండే శక్తి, 8 డీకేహెచ్ (దాని కొలమానం) దగ్గర చూసుకో. కిట్‌లో చుక్కచుక్కగా వేస్తూ సీసా తిప్పుతుంటే ఒక చుక్కకి రంగు మారుతుంది, కొన్నింటిలో పసుపుకి, కొన్నింటిలో గులాబీకి. ఆ చుక్కల లెక్కని బట్టే నీ అంకె తేలుతుంది. అది 7.5 ఉన్నా 9 ఉన్నా పర్వాలేదు, ఇవాళ 7.5, రేపు 9 అయితేనే పగడాలు ముడుచుకుంటాయి.

కరెంటు పోతే లైటు గురించి దిగులుపడకు, పగడాలు ఒకరోజు చీకట్లో ఉండగలవు. నీళ్ళు కదలకపోతే మాత్రం ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే పడిపోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఎప్పుడూ దగ్గరుంచుకో. ఊరెళ్ళేటప్పుడు మేత డబ్బా ఎవరి చేతికీ ఇవ్వకు, పాపం ఆకలేస్తుందని గుప్పెడు పోస్తారు. రోజుకింత అని చిన్న పొట్లాలు కట్టి ఇవ్వు.

ముందుగా ఆ గోడ పొడవెంతో, స్విచ్‌బోర్డు ఎంత దూరంలో ఉందో కొలిచి చెప్పు. ఇంటి ఓనర్‌ని కూడా ఓ మాట అడుగు. స్టాండు ఏది తీసుకోవాలో తర్వాత ఫోన్లో మాట్లాడదాం.

మీ మావయ్య