వాక్యం ఒకటే, ఓట్లు మాత్రం వేరు వేరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

క్రైస్తవ విశ్వాసం, రాజకీయాలు అనే విషయం మీద పోయిన సంచికలో రెండు మాటలు రాస్తే ఉత్తరాలు చాలా వచ్చాయి, కొన్ని కోపంగా, కొన్ని బాధగా. ఒకే ప్రశ్నని తిప్పి తిప్పి అడిగినవాటిని కలిపేసి జవాబిస్తున్నా. ఇక్కడ కన్జర్వేటివ్ అని రాసిన చోటల్లా ఏదో పార్టీ అనుకోకండి, బైబిల్ దేవుని వాక్యం అని, క్రీస్తు నిజంగా చనిపోయి నిజంగా లేచాడని, మళ్లీ వస్తాడని రాజీ లేకుండా నమ్మేవాళ్ల గురించే చెప్తున్నా.

ప్రశ్న: "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" అని రోమా 13లో స్పష్టంగా ఉంది కదండీ. మరి విశ్వాసి ప్రభుత్వాన్ని ప్రశ్నించొచ్చా?

ప్రశ్నించొచ్చండి. ఆ అధ్యాయాన్ని మొదటి వచనం దగ్గర ఆపేస్తేనే సమస్య. ఇంకొంచెం ముందుకెళ్తే అధికారి ఎందుకున్నాడో కూడా పౌలు చెప్తాడు, మేలు చేసేవాళ్లని కాపాడటానికి, కీడు చేసేవాళ్లని శిక్షించటానికి దేవుడు పెట్టిన సేవకుడు అని. అంటే ఆయన పైన ఇంకొకరున్నారు, లెక్క అప్పజెప్పాలి. ఈ ఉత్తరం రాసే నాటికి రోమ్‌లో కూర్చున్నది నీరో, కాబట్టి మంచి పాలకుడు ఉన్నాడని మురిసిపోయి రాసిన మాట కాదు ఇది. ఇక అపొస్తలుల కార్యములు 5లో పేతురుని మహాసభ ముందు నిలబెట్టి బోధించొద్దు అంటే "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అన్నాడు, అలా అని కత్తి పట్టలేదు, కొడితే దెబ్బలు తిని బయటికొచ్చి మళ్లీ బోధించాడు. లోబడటం, ఎదురు చెప్పటం రెండూ అందులోనే ఉన్నాయి. 16వ శతాబ్దపు ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ కూడా మామూలు జనం తిరుగుబాటుకి ఒప్పుకోలేదు గానీ, రాజు కింద ప్రజల తరఫున అధికారంలో ఉన్నవాళ్లు రాజు దౌర్జన్యాన్ని చూస్తూ ఊరుకుంటే అది ద్రోహమే అని రాశాడు.

రోమా 13ని ముక్కగా చదివితే ఏం జరుగుతుందో జర్మనీ చూసింది. హిట్లర్ వచ్చాక ప్రొటెస్టెంట్ చర్చిల్లో "జర్మన్ క్రైస్తవులు" అనే గుంపు, దేవుడు మన జాతి చరిత్రలో కూడా మాట్లాడుతున్నాడు, నాయకుడు దేవుడిచ్చినవాడు అని మొదలుపెట్టింది. 1934 మే చివర్లో బార్మెన్ అనే ఊళ్లో లూథరన్లు, కాల్విన్ దారిలో నడిచే రిఫార్మ్‌డ్ వాళ్లు, రెండు శాఖలూ కలిసిన సంఘాలవాళ్లు కూడి ఆరు అంశాల ప్రకటన చేశారు, ఎక్కువ భాగం వేదాంతి కార్ల్ బార్త్ రాసింది. మొదటి అంశం పూర్తిగా సిద్ధాంతమే, లేఖనాలు సాక్ష్యమిచ్చే యేసు క్రీస్తు ఒక్కడే మేము వినాల్సిన దేవుని వాక్కు, దానికి పక్కన ఇంకో వాక్కు పెట్టటానికి ఒప్పుకోం అని. చూడ్డానికి సండే స్కూల్ పాఠంలా ఉంటుంది, కానీ ఆ రోజున అంతకంటే పెద్ద రాజకీయ మాట లేదు. అయిదో అంశంలో, ప్రభుత్వం న్యాయం, శాంతి చూడటానికి దేవుడు పెట్టినదే, అయితే మనిషి బతుకు మొత్తానికీ తానే యజమాని అనుకోవటం తప్పు అని తేల్చేశారు. అంతటి ప్రకటనలో కూడా యూదుల గురించి ఒక్క మాట లేదు, ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. సిద్ధాంతం సరిగ్గా పట్టుకున్నవాళ్లు కూడా పక్కవాడి మెడ మీద కత్తి ఉన్నప్పుడు మౌనంగా ఉండిపోగలరు.

ప్రశ్న: అమెరికాలో బైబిల్‌ని గట్టిగా నమ్మేవాళ్లంతా ఒకే పార్టీకి వేస్తారట. అంటే బైబిల్ ఆ పార్టీ వైపు ఉన్నట్టేనా?

అందరూ కాదండి, అక్కడే ఉంది అసలు సంగతి. 2016లో తెల్లజాతి ఎవాంజెలికల్స్‌లో, అంటే బైబిల్‌ని, వ్యక్తిగత మారుమనసుని గట్టిగా పట్టుకునే ప్రొటెస్టెంట్లలో, సుమారు 80 శాతం రిపబ్లికన్ అభ్యర్థికి వేశారని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి, నిజమే. కానీ అదే దేశంలో నల్లజాతి ప్రొటెస్టెంట్ చర్చిలున్నాయి, అక్కడ కూడా చాలామంది బైబిల్ దేవుని వాక్యమనే నమ్ముతారు, పునరుత్థానం, పాపం, రక్షణ, ప్రార్థన అన్నీ అవే, చర్చికి వెళ్లటంలో ఎవరికీ తీసిపోరు, వాళ్లు మాత్రం ఎన్నో దశాబ్దాలుగా చాలా ఎక్కువ శాతం డెమోక్రాట్లకి వేస్తున్నారు. ఒకే నిర్గమకాండం చదువుతారు, ఒకరికి అందులో దేవుని ధర్మశాస్త్రం ముందు కనపడుతుంది, ఇంకొకరికి బానిసల మొర విన్న దేవుడు ముందు కనపడతాడు. రెండూ ఆ పుస్తకంలో ఉన్నవే.

అలాగని సిద్ధాంతానికి ఓటుతో సంబంధం లేదు అనటం కూడా తప్పు, చాలా ఉంది. మనిషి స్వభావంలోనే పాపం ఉందని నమ్మేవాడు, గవర్నమెంట్ మంచి ప్లాన్ వేస్తే మనుషులు మారిపోతారు అనే మాటని అంత తేలిగ్గా నమ్మడు. అదే నమ్మకం ఇంకోవైపు కూడా కోస్తుంది, అధికారంలో ఉన్నవాడూ పాపే కాబట్టి వాడి చేతికి పగ్గం ఉండాలి. మనిషి దేవుని స్వరూపంలో పుట్టాడని ఆదికాండం 1లో చదివినవాడికి గర్భంలో ఉన్న బిడ్డ ప్రాణం చిన్న విషయం కాదు, అదే వచనం సరిహద్దు దగ్గర నిలబడ్డ పరాయి దేశపువాడికి, జైల్లో ఉన్నవాడికి కూడా వర్తిస్తుంది. కుటుంబం రాజ్యం కంటే ముందు దేవుడు పెట్టిందని నమ్మితే పిల్లల చదువు ఎవరి చేతిలో ఉండాలి అనే దాని మీద గట్టి అభిప్రాయం ఉండి తీరుతుంది. ఇవన్నీ నిజాయితీగా వాక్యంలోంచి వచ్చేవే, కానీ ఒక్కో పార్టీ ఇందులో తనకి కావాల్సిన రెండు తీసుకుని మిగతావి వదిలేస్తుంది, మనం ఆ పార్టీలోకి వెళ్లాక మెల్లగా ఆ వదిలేసినవి మనకీ కనపడటం మానేస్తాయి. నా భయం దాని గురించే.

ఒక ఉదాహరణ చెప్తా. అబార్షన్ అనగానే ఇప్పుడు ఎవాంజెలికల్స్ గుర్తొస్తారు గానీ, 1971లో అమెరికాలోని పెద్ద బాప్టిస్టు సంఘాల కూటమి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ సెయింట్ లూయిస్‌లో కూడినప్పుడు, అత్యాచారం, బిడ్డకి తీవ్రమైన లోపం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి ముప్పు లాంటి పరిస్థితుల్లో అబార్షన్‌కి చట్టం వీలివ్వాలి అని తీర్మానం చేసింది. 1973లో అబార్షన్‌ని హక్కుగా గుర్తించిన అమెరికా సుప్రీంకోర్టు రో తీర్పు వచ్చాక కూడా కొంతకాలం చాలామంది దాన్ని కాథలిక్కుల విషయంగానే చూశారు. 1980 తీర్మానం వచ్చేసరికి తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప వద్దు అన్నారు. బైబిల్ ఆ తొమ్మిదేళ్లలో మారలేదు, చదివే కళ్లు మారాయి. మారటం తప్పని నేననను, గర్భస్థ శిశువు ప్రాణం విలువైనదనే నేనూ నమ్ముతా, రెండో తీర్మానమే మొదటిదానికంటే వాక్యానికి దగ్గర అని నా అభిప్రాయం. కానీ మన ఈనాటి రాజకీయ వైఖరి మోషే కాలం నుంచి ఇలాగే ఉంది అన్నట్టు మాట్లాడే ముందు ఈ చరిత్ర తెలిసుండాలి. అదే కన్వెన్షన్ 1845లో పుట్టిందే బానిసల యజమానుల విషయంలో వచ్చిన గొడవ వల్ల, దానికి 1995లో బహిరంగంగా క్షమాపణ అడిగింది. ఆ రోజుల్లో కూడా పుల్పిట్ మీద వచనాలు చదివే సమర్థించారు.

ప్రశ్న: రెండవ రాకడ త్వరలో ఉందని నమ్మేవాళ్లకి రాజకీయాలు ఎందుకు?

మంచి ప్రశ్న. రాకడ గురించి మీరేం నమ్ముతారో దాన్ని బట్టి మీ రాజకీయం చాలా మారుతుంది, బయటివాళ్లు ఇది అస్సలు పట్టించుకోరు. అమెరికాలో 19వ శతాబ్దం మొదట్లో చార్లెస్ ఫిన్నీ లాంటి ఉజ్జీవ ప్రసంగీకులు, సువార్త లోకాన్ని మార్చుకుంటూ పోతుంది, నీతి, శాంతి ఉండే వెయ్యేండ్ల కాలం తర్వాత క్రీస్తు వస్తాడు అని నమ్మారు, కాబట్టి బానిసత్వం పోవాలి, తాగుడు పోవాలి అని రంగంలోకి దిగారు. అంతర్యుద్ధంలో అంత రక్తం పారాక ఆ ఆశ సన్నగిల్లింది. బ్రిటిష్ బోధకుడు జాన్ డార్బీ బోధలు, 1909లో వచ్చిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్ నోట్సు ఇంటింటికీ వెళ్లాయి, లోకం రోజురోజుకీ దిగజారుతుంది, విశ్వాసుల సంఘం పరలోకానికి ఎత్తబడుతుంది అనే నమ్మకం బలపడింది. ఉజ్జీవ ప్రసంగీకుడు డి.ఎల్. మూడీ అయితే ఈ లోకం పగిలిపోయిన ఓడ, దేవుడు నాకు లైఫ్‌బోటు ఇచ్చి ఎంతమందిని కాపాడగలవో కాపాడు అన్నాడు అని చెప్పేవాడు. మునిగే ఓడకి రిపేర్లు ఎవరు చేస్తారు చెప్పండి.

విచిత్రం ఏంటంటే అదే రాకడ సిద్ధాంతం పట్టుకున్నవాళ్లే తర్వాత రాజకీయాల్లోకి వచ్చారు. బాప్టిస్టు పాస్టర్ జెర్రీ ఫాల్‌వెల్ 1965 మార్చిలో, సెల్మాలో పౌరహక్కుల ఊరేగింపులు జరుగుతున్న రోజుల్లో, బోధకుల పని రాజకీయాలు కాదు, ఆత్మల్ని సంపాదించటమే అని ప్రసంగించాడు. 1979లో ఆయనే మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టి ఓటర్లని కదిలించాడు. మధ్యలో ఏమైంది అంటే స్కూళ్లలో అధికారిక ప్రార్థన కుదరదని 1962లో వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, 1973 అబార్షన్ తీర్పు, జాతి వివక్ష చూపే ప్రైవేట్ క్రైస్తవ స్కూళ్ల పన్ను మినహాయింపు మీద గొడవ, ఇవన్నీ కలిశాయి. నల్లవాళ్లు ఓటు హక్కు కోసం దెబ్బలు తింటున్నప్పుడు రాజకీయం మన పని కాదు అని, మన స్కూళ్ల దాకా వచ్చాక మన పనే అని అంటే, చూసేవాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. 1974లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన ఎవాంజెలికల్ నాయకులు చేసిన ఒడంబడికలో సువార్త ప్రకటన, సామాజిక రాజకీయ బాధ్యత రెండూ క్రైస్తవుని విధిలో భాగమే అని రాసుకున్నారు, రాకడ మీద ఆశ వదలకుండానే.

ప్రశ్న: చర్చి, ప్రభుత్వం వేరుగా ఉండాలి అనేది నాస్తికులు తెచ్చిన ఆలోచన కదా?

కానే కాదు. అమెరికాలో దాని కోసం ముందు దెబ్బలు తిన్నది బైబిల్ నమ్మే మనుషులే. రోడ్ ఐలాండ్‌ని స్థాపించిన బోధకుడు రోజర్ విలియమ్స్ 1644లోనే సంఘం అనే తోటకీ లోకం అనే అడవికీ మధ్య గోడ గురించి రాశాడు, అతని భయం అడవి వచ్చి తోటని పాడు చేస్తుందని. 1801 అక్టోబర్‌లో కనెక్టికట్‌లోని డాన్‌బరీ బాప్టిస్టులు ప్రెసిడెంట్ జెఫర్సన్‌కి ఉత్తరం రాశారు. అప్పుడు ఆ రాష్ట్రంలో కాంగ్రిగేషనల్ చర్చి పన్ను డబ్బుతో నడిచేది, బాప్టిస్టులు మినహాయింపు కావాలంటే సర్టిఫికెట్ చూపించుకోవాలి. మాకున్న మతస్వేచ్ఛ మా హక్కులా కాకుండా రాష్ట్రం దయతలచి ఇచ్చిన సదుపాయంలా ఉంది అని వాళ్ల బాధ. 1802 జనవరి 1న జెఫర్సన్ ఇచ్చిన జవాబులోదే చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ అనే మాట. కనెక్టికట్‌లో ఆ అధికారిక చర్చి పద్ధతి 1818 దాకా పోలేదు. బాప్టిస్టు వాళ్లలో ఎవరైనా ఈ గోడని తిడుతుంటే వాళ్ల ముత్తాతల చరిత్ర వాళ్లకి చెప్పండి.

ప్రశ్న: అలాగైతే విశ్వాసి తన నమ్మకాన్ని ఇంట్లో వదిలేసి అసెంబ్లీకి వెళ్లాలా? పాత నిబంధన చట్టాన్నే దేశ చట్టం చేయాలని కొందరంటున్నారు, మీరేమంటారు?

రెండూ వద్దంటా. పాత నిబంధన సివిల్ చట్టాలు ఇప్పటికీ వర్తిస్తాయన్న అమెరికా వేదాంతి రష్డూనీ లాంటివాళ్లతో ఎక్కువమంది కన్జర్వేటివ్ పండితులే ఒప్పుకోలేదు, ఆ చట్టం ఇశ్రాయేలుకి ఇచ్చినది, ఇంకే దేశంతోనూ దేవుడు అలా నిబంధన చేసుకోలేదు. ఇంట్లో వదిలేయటం కూడా కుదరదు, బానిస వ్యాపారం మీద విల్బర్‌ఫోర్స్ దాన్ని నిషేధించిన 1807 దాకా బ్రిటిష్ పార్లమెంటులో పోరాడింది తన విశ్వాసం వల్లే. మధ్య దారి చూపించినవాళ్లలో నాకు నచ్చేది నెదర్లాండ్స్‌కి చెందిన అబ్రహాం కైపర్. పాస్టర్‌గా ఉండి, 1874లో పార్లమెంటుకి ఎన్నికై పాస్టర్ పదవి వదులుకున్నాడు, 1879లో పార్టీ పెట్టాడు, 1901 నుంచి 1905 దాకా ప్రధానమంత్రి. కుటుంబం, సంఘం, స్కూలు, వ్యాపారం, ప్రభుత్వం ఒక్కోదానికి దేవుడు ఒక్కో పరిధి ఇచ్చాడు, ఏదీ ఇంకోదాన్ని మింగకూడదు అనేది ఆయన సిద్ధాంతం. దాని ఫలితం చూడండి, క్రైస్తవ స్కూళ్లకే డబ్బు ఇమ్మని అడగలేదు, 1917 రాజ్యాంగ సవరణ వచ్చేసరికి కాథలిక్ స్కూలుకైనా ప్రొటెస్టెంట్ స్కూలుకైనా ప్రభుత్వ స్కూలుతో సమానంగా నిధులు దక్కాయి. తనకి కావాల్సిన స్వేచ్ఛని తనతో విభేదించేవాడికీ అడగటం, ఆ ఒక్క పని చేస్తే మిగతా లోకం మన మాట వింటుంది. కైపర్ అన్నిట్లో కరెక్ట్ అని కాదు, 1903లో రైల్వే కార్మికుల సమ్మెని ఆయన చట్టంతో అణిచిన తీరు నాకు నచ్చదు.

ప్రశ్న: మా పాస్టర్‌గారు ఫలానా పార్టీకి ఓటెయ్యని వాళ్లు అసలు విశ్వాసులే కాదని ఆదివారం ప్రసంగంలో అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చాను. సంఘం మారిపోనా?

అమ్మా, వెంటనే మారకండి. ముందు ఆయన్ని విడిగా కలవండి, నలుగురిలో కాదు. ఆయన ఫలానా చట్టం తప్పు అని వాక్యం చూపించి చెప్తే వినండి, అది ఆయన పని, నాతాను ప్రవక్త దావీదు రాజు తప్పుని ముఖం మీదే చెప్పినట్టు చెప్పాల్సిందే. కానీ రక్షణకి క్రీస్తు పెట్టని షరతు ఆయన పెట్టకూడదు, ఈ ఒక్క మాట మాత్రం మర్యాదగా, గట్టిగా చెప్పండి. పన్నెండు మంది శిష్యుల్లో రోమ్ కింద ఉన్న పాలకుల కోసం సుంకం వసూలు చేసిన మత్తయి ఉన్నాడు, జెలోతే అని, అంటే రోమ్ పాలనని వ్యతిరేకించే పక్షం పేరుతో, పిలవబడిన సీమోను ఉన్నాడు, యేసు ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఇంకోటి కూడా అడగండి, ఆయన సపోర్ట్ చేసే నాయకుడు రేపు అబద్ధమాడితే అదే పుల్పిట్ మీద అది తప్పని చెప్తారా అని. వినకపోతే సంఘపెద్దల దగ్గరికి వెళ్లండి. మీ ఓటు కారణంగా ప్రభువు బల్లకి దూరం పెడితే మాత్రం ఆగకండి, వాక్యం ప్రకటించే వేరే సంఘం చూసుకోండి, అది పారిపోవటం అవ్వదు. కలిశాక ఆయన ఏమన్నారో నాకు రాయండి.