సెమినరీలో చేరే ముందు దైవశాస్త్రం చదవడం నేర్చుకోండి

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. చిన్నప్పటి నుంచి రోజూ బైబిల్ చదివే అలవాటుంది. ఎం.డివ్. (మాస్టర్ ఆఫ్ డివినిటీ) చేసి, ఆ తర్వాత దైవశాస్త్రం బోధించాలన్నది నా కోరిక. కానీ పెద్దవాళ్లు రాసిన దైవశాస్త్ర గ్రంథాలు తెరిస్తే పది పేజీలు దాటలేకపోతున్నాను. చదువుతున్నప్పుడు అన్నీ తెలిసిన మాటల్లాగే ఉంటాయి. పుస్తకం మూశాక ఏం చెప్పారని అడిగితే నోరు పెగలదు. ఈ చదువు నాకు సరిపడదేమోనని టెన్షన్‌గా ఉంది. పైగా ఇవన్నీ చదివితే విశ్వాసం సడలిపోతుందని ఇంట్లో భయపడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీకు బైబిల్ చదవడం వచ్చు. దైవశాస్త్రం చదవడం ఇంకా రాలేదు. అది వేరే పని, ఎవరికైనా నేర్చుకుంటేనే వస్తుంది. కాబట్టి సరిపడదని ఇప్పుడే తేల్చేసుకోకండి. పుస్తకం మూశాక ఏమీ చెప్పలేకపోతున్నానని మీ అంతట మీరే గమనించారు చూడండి, అది ఈ చదువుకు కావలసిన గుణమే. చాలామంది కృప, రక్షణ, అవతారం లాంటి పరిచయమైన మాటలు కనబడగానే అర్థమైపోయిందనుకుని పేజీ తిప్పేస్తారు.

ప్రార్థనలో కూర్చుని వాక్యం చదివేటప్పుడు ఇందులో నాకు దేవుడు ఏం చెబుతున్నాడు అని వెతుకుతాం. ఆ అలవాటు మానుకోవద్దు. కానీ దైవశాస్త్ర గ్రంథం మీతో మాట్లాడటానికి రాసింది కాదు. సంఘంలో ఏదో వివాదం లేచింది, ఎవరో ఒక మాట అన్నారు, దానికి జవాబుగా రచయిత కలం పట్టాడు. ఆ వివాదం తెలియకుండా జవాబు ఒక్కటే చదివితే, ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే ఒకవైపు మాటలే విన్నట్టుంటుంది. ప్రతి మాటా తెలుస్తుంది, విషయం మాత్రం తెలియదు. మీకు జరుగుతున్నది ఇదే. కాబట్టి ఏ పుస్తకం పట్టుకున్నా, ఈయన ఎవరికి జవాబు చెబుతున్నాడు, ఏ ప్రశ్నకు చెబుతున్నాడు అన్నది ముందు కనిపెట్టండి.

సంఘ బిషప్పులు కూడిన నైసీయ మహాసభనే తీసుకోండి. కుమారుడు, అంటే క్రీస్తు, తండ్రితో ఏకతత్వం గలవాడని, తండ్రి ఎంత దేవుడో ఆయనా అంతే దేవుడని 325లో ఆ సభ ప్రకటించింది. ఈ ఒక్క వాక్యం బట్టీపట్టి పరీక్ష గట్టెక్కొచ్చు. అసలు అలా ప్రకటించాల్సిన అవసరం ఎందుకొచ్చింది? అలెగ్జాండ్రియా సంఘంలో పెద్దగా ఉన్న అరియస్, కుమారుడు కూడా సృష్టించబడినవాడేనని, ఆయనకూ ఒక ఆరంభం ఉందని బోధించాడు. ఇక్కడ జాగ్రత్తగా చూడండి. అరియస్ బైబిల్‌ను పక్కనపెట్టి మాట్లాడలేదు. ఆయన పక్షం వాళ్లు, యెహోవా నన్ను కలుగజేశాడని జ్ఞానం చెప్పే సామెతలు 8:22 చూపించారు. "తండ్రి నాకంటె గొప్పవాడు" అన్న యోహాను 14:28 చూపించారు. మీరు ఇక్కడ ఆగి, ఒక కాగితం మీద అరియస్ తరఫున అరపేజీ రాయండి. అరియసే వచ్చి చదివినా 'అవును, నేనన్నది ఇదే' అనాలి. అంత న్యాయంగా రాయాలి.

అది రాశాకే, అరియస్‌ను ఎదిరించిన అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ దగ్గరికి రండి. తానే సృష్టిలో ఒకడైనవాడు మిగతా సృష్టిని దేవునితో ఎలా కలపగలడని ఆయన అడుగుతాడు. కుమారుడు సృష్టి అయితే, ఆయన్ని ఆరాధిస్తున్న సంఘం సృష్టిని ఆరాధిస్తున్నట్టే కదా అంటాడు. అప్పుడు తెలుస్తుంది, ఈ తగాదా రెండు మూడు వచనాలతో తేలేది కాదని, రక్షణ అంటే ఏమిటన్నదే ఇక్కడ ప్రశ్న అని. ఈ వివాదాల నడుమ అథనాసియస్ ఐదుసార్లు తన బిషప్ పీఠం వదిలి ప్రవాసంలో గడపాల్సి వచ్చింది. అరియస్ అరపేజీ రాసిన విద్యార్థికి అదెందుకో చెప్పనక్కర్లేదు.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని గ్రంథాల్లో రచయిత గొంతు ఏది, ఎదుటివాడి గొంతు ఏది అన్నదే తెలియదు. పదమూడో శతాబ్దపు థామస్ అక్వైనాస్ రాసిన 'సుమ్మా థియొలాజియే' చూడండి. మొదటి భాగం, రెండో ప్రశ్న, మూడో అధికరణం: దేవుడు ఉన్నాడా? ఆయన మొదలుపెట్టడమే దేవుడు లేడనిపిస్తోందని మొదలుపెడతాడు. అనంతమైన మంచి ఉంటే చెడుకు చోటుండకూడదు, లోకంలో చెడు కనిపిస్తోంది కదా అన్నది ఒక అభ్యంతరం. జరిగేదంతా ప్రకృతితో, మనిషి సంకల్పంతో వివరించగలిగినప్పుడు దేవుడెందుకు అన్నది రెండోది. కొత్తగా చదివేవాళ్లు ఇవే అక్వైనాస్ అభిప్రాయాలని నోట్సులో రాసుకుంటారు! నిజానికి ఇవి ఎదుటిపక్షం. ఆ తర్వాత దేవుడు 'ఉన్నవాడను' అని చెప్పుకున్న నిర్గమకాండం 3:14 ఎత్తి చూపి, అప్పుడు తన జవాబు మొదలుపెడతాడు, చివర్లో ఒక్కో అభ్యంతరానికి విడిగా సమాధానమిస్తాడు. అభ్యంతరాలు చదివి పుస్తకం పక్కనపెట్టి, మీరైతే ఏమంటారో రాసుకోండి, తర్వాత ఆయన జవాబు చదవండి. ఈ ఒక్క అధికరణం మీద వారం గడిపినా నష్టం లేదు. ఎదుటివాడి వాదనను అంత గట్టిగా నిలబెట్టి జవాబు చెప్పడం నేటి చర్చల్లో అరుదుగా చూస్తాం, నాకు ఆయనంటే గౌరవం అందుకే.

మొదటి పుస్తకంగా ఇరవయ్యో శతాబ్దపు స్విస్ దైవశాస్త్రవేత్త కార్ల్ బార్త్‌ను మాత్రం పట్టుకోకండి. ఆయన 'చర్చ్ డాగ్మాటిక్స్' మొదటి సంపుటం 1932లో వచ్చింది, 1968లో ఆయన చనిపోయేనాటికి కూడా పూర్తి కాలేదు. వేల పేజీలు. జర్మన్ దైవశాస్త్రవేత్త ష్లైయర్‌మాకర్‌తో మొదలైన పందొమ్మిదో శతాబ్దపు ఉదారవాద దైవశాస్త్రంతో ఆయన తలపడుతున్నాడని తెలియకపోతే ఆ ఆవేశం ఎందుకో అంతుపట్టదు. అథనాసియస్ అవతారం గురించి రాసిన గ్రంథం చిన్నది, దాంతో మొదలుపెట్టండి. ఒక సిట్టింగ్‌లో నాలుగైదు పేజీలు చాలు. తర్వాత ఉత్తర ఆఫ్రికా బిషప్ అగస్టీన్. పక్కన ఒక సంఘ చరిత్ర పుస్తకం తప్పనిసరి.

ఇంట్లోవాళ్ల భయాన్ని కొట్టిపారేయను. సంఘమంతా ఎప్పుడూ నమ్మిందనుకున్న కొన్ని విషయాలు ఒక శాఖ నమ్మకాలేనని తెలిసినప్పుడు మనసు కలత పడుతుంది. ఎవరికీ అలా జరగదని మాట ఇవ్వలేను. ఆయన చెప్పింది అర్థమైందా, దాన్ని నేను ఒప్పుకుంటున్నానా, ఈ రెండు ప్రశ్నల్లో మొదటిది తేలాకే రెండోది వేసుకోండి. సగం కలత అక్కడే తగ్గుతుంది. సంఘానికి వెళ్లడం, ప్రార్థన మానకండి. ఒంటరిగా చదవకుండా, సందేహాలకు చిరాకు పడని పాస్టరో, అధ్యాపకుడో ఒకరిని చూసుకోండి.

ఇక కోర్సు. ఎం.డివ్. ప్రధానంగా సంఘ సేవకు తయారుచేసే చదువు, పూర్తికాలం అయితే సాధారణంగా మూడేళ్లు. బైబిల్ అధ్యయనం, సంఘ చరిత్ర, ప్రసంగం, కాపరి సేవ అన్నీ ఉంటాయి. చాలాచోట్ల గ్రీకు, హీబ్రూ కూడా. మీరు బోధించాలనుకుంటున్నారు కాబట్టి అది తొలి మెట్టు మాత్రమే, ఆపైన ఎం.టి.హెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ), పీహెచ్‌డీ ఉంటాయి. అధ్యాపక పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ. ఇది తెలిసే దిగండి. బైబిల్ అనువాదం, క్రైస్తవ ప్రచురణ, ఆసుపత్రుల్లో రోగులకు ఆత్మీయంగా తోడుండే చాప్లిన్ సేవ లాంటి దారులను కూడా చిన్నచూపు చూడకండి. చేరబోయే సెమినరీ డిగ్రీకి గుర్తింపు ఉందా, పై చదువుకు పనికొస్తుందా అన్నది ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి.

ఒక ఆరు నెలలు ఇలా చదివి అప్పుడు దరఖాస్తు పెట్టండి. ఈ చదువు ఎందుకు ఎంచుకున్నారని రాయమంటే, పిలుపు గురించి రాసి ఊరుకోకుండా, ఏ గ్రంథం చదివారో, అందులో ఎవరి వాదన మీకు మింగుడుపడలేదో, ఎందుకో ఒక పేరా రాయండి. ఇంటర్వ్యూలో ప్రశ్నలు అక్కడి నుంచే వస్తాయి, వాటికి మీ దగ్గర జవాబు ఉంటుంది.