ఆ 84 రూపాయలు ఎటూ పోలేదు

ప్రశ్న: మా నాన్నగారు 1965 నుంచి మూడేళ్ళు లండన్‌లో చదువుకున్నారు. ఇక్కడ షావుకారుపేటలో ఉన్న తాతగారు ఆయనకు డబ్బు పంపేవారు. ఇక్కడి ప్యారిస్ కార్నర్‌లోని బ్యాంకుకు వెళ్ళి డ్రాఫ్టు తెచ్చే పని మా బాబాయిది. తాతగారి డైరీలో 1966 జనవరిలో ‘30 పౌన్లు – రూ.400’ అని, జులైలో ‘30 పౌన్లు – రూ.630’ అని ఉంది. రూపాయి 36.5 శాతమే తగ్గిందని పేపర్లో చదివి, 546 కావాల్సింది 630 ఎలా అయిందని తాతగారు అడిగారట. మిగతా 84 బాబాయి వాడుకున్నాడన్న మాట ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఆయనకిప్పుడు 79 ఏళ్ళు. నిజమేమిటి? అలాగే 1947లో రూపాయి, డాలరు సమానమన్నది నిజమేనా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. మీ బాబాయిగారు ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. డైరీలోని రెండు అంకెలూ సరైనవే. ఈ నగరంలోనే ఒక బ్యాంకు విదేశీ మారకం విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. మీ ఉత్తరం చదివాక కాగితం మీద మళ్ళీ లెక్క వేసుకున్నాను కూడా.

అప్పట్లో పౌను ధర ఇప్పటిలా రోజూ మారేది కాదు. 1927 నుంచీ రూపాయికి 1 షిల్లింగు 6 పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పాత పౌనుకు 240 పెన్నీలు కాబట్టి పౌను ధర 13 రూపాయల 33 పైసలు. ముప్ఫై పౌన్లకు సరిగ్గా 400. తాతగారు బ్యాంకు కమీషన్ వేరుగా రాసుకుని ఉంటారు.

1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. డాలరు 4.76 నుంచి 7.50కి, పౌను 13.33 నుంచి 21కి వెళ్ళాయి. ముప్ఫైని 21తో హెచ్చిస్తే 630. మీ బాబాయి కట్టింది అదే.

మరి 36.5 శాతం సంగతి? అది రూపాయి ఎంత పడిందో చెప్పే అంకె. 100 రూపాయల విలువ చేసేది 63.50 విలువకు దిగింది. మునుపు 100తో కొన్నదాన్నే ఇప్పుడు కొనాలంటే 100ను 0.635తో భాగించాలి. దాదాపు 157.50 వస్తుంది. అంటే రూపాయి 36.5 శాతం పడితే పౌను 57.5 శాతం పెరుగుతుంది. తాతగారు 400 మీద 36.5 శాతం కలిపి 546 అనుకున్నారు. లెక్కలు బాగా తెలిసినవాళ్ళు కూడా ఇక్కడ పొరబడటం నేను చాలాసార్లు చూశాను.

1991 జులైలో మా కౌంటర్ దగ్గర ఇదే జరిగింది. 1న ఒకసారి, 3న మరోసారి రూపాయిని తగ్గించారు. పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా వచ్చి రెండు వారాలు కూడా కాలేదు. డాలరు 21 చిల్లర నుంచి 26 దగ్గరికి చేరింది. అమెరికాలో ఉన్న కొడుక్కి ఫీజు కట్టడానికి వచ్చిన ఒక పెద్దాయన, ‘పేపర్లో 18, 19 శాతం అంటున్నారు, మీరేమిటి 23 శాతం ఎక్కువ అడుగుతున్నారు?’ అని గట్టిగా నిలదీశారు. ఆయన టెన్షన్ చూసి స్లిప్పు వెనక ఇదే భాగహారం చేసి చూపించాను. అప్పట్లో మేం రేటు రాసే పద్ధతీ తికమకగానే ఉండేది. 100 రూపాయలకు ఇన్ని డాలర్లు అని తిరగేసి రాసేవాళ్ళం. ‘డాలరుకు ఇన్ని రూపాయలు’ అని నేరుగా రాయడం 1993 ఆగస్టు నుంచే మొదలైంది.

పాత డైరీలు, ఉత్తరాలు చూసేవాళ్ళు ఇంకో విషయంలో జాగ్రత్త పడాలి. ఏడాది సగటు పట్టికలను నమ్ముకోకండి. 1966కి డాలరు సగటు ఆరు రూపాయల చిల్లర అని ఉంటుంది. ఆ ఏడాది ఏ బ్యాంకూ ఆ రేటుకు డాలరు అమ్మలేదు. జూన్ 6కు ముందు 4.76, తర్వాత 7.50. మీకు కావలసింది డ్రాఫ్టు కొన్న తేదీ.

రూపాయి, డాలరు సమానమన్నది మాత్రం ఉత్త మాట. 1947లో రూపాయి పౌనుకు కట్టుబడి ఉంది. పౌనుకు 4.03 డాలర్లు. 13.33ను 4.03తో భాగిస్తే డాలరు 3 రూపాయల 31 పైసలు. 1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌనును 2.80 డాలర్లకు దించితే, మన రూపాయీ దానితోపాటు దిగి డాలరు 4.76 అయింది.

ఇక డైరీలో 1967 డిసెంబరు పేజీ కూడా తీయండి. ఆ నవంబరులో బ్రిటన్ మళ్ళీ పౌను విలువ తగ్గించింది. ఈసారి మనం తగ్గించలేదు. దాంతో పౌను 21 నుంచి 18 రూపాయలకు దిగింది. ముప్ఫై పౌన్లకు అక్కడ రూ.540 రాసి ఉంటే, బాబాయిగారు ఆ డ్రాఫ్టు కూడా సరైన ధరకే తెచ్చారన్నమాట. ఈ జవాబునీ, డైరీనీ తీసుకెళ్ళి ఆయన పక్కన కూర్చుని చూపించండి. ఆలస్యం చేయకండి.