అక్షరాలిచ్చి పదాలడిగితే ముందు లెక్క చూడండి

ప్రశ్న: డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. పోటీ పరీక్షలకూ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకూ కలిపి సిద్ధమవుతున్నాను. రీజనింగ్‌లో కొన్ని ఇంగ్లిష్ అక్షరాలిచ్చి వాటితో పదాలు కనుక్కోమనే ప్రశ్నల దగ్గరే టైమంతా పోతోంది. పైగా సగం తప్పులు. వొకాబ్యులరీ తక్కువ కావడమే కారణమా? పదాల జాబితాలు బట్టీ పట్టాలా? - ఒక విద్యార్థి

జవాబు: బట్టీ వద్దు. ఈ ప్రశ్నలకు జవాబులుగా వచ్చేవి చాలావరకు మీకు తెలిసిన చిన్న చిన్న పదాలే. మార్కు పోయేది పదం తెలియక కాదు, అక్షరాల లెక్క చూడకపోవడం వల్ల.

అన్నిటికంటే ముందు, అడిగింది ఏమిటో తేల్చుకోండి. ఇచ్చిన అక్షరాలన్నిటినీ వాడి పదం చేయమనడం ఒక రకం. పెద్ద పదం ఇచ్చి, దాని అక్షరాలతో ఏ పదం చేయలేమో అడగడం ఇంకో రకం. ఇచ్చిన అక్షరాలు ఉండాలి, వేరేవి కలిసినా ఫర్వాలేదనడం మూడోది. చూపుకు ఒకేలా ఉంటాయి కానీ పట్టుకోవాల్సిన కొస వేరు.

రెండో రకంలో పడే తప్పు చూడండి. ‘డిపార్ట్‌మెంట్’ అక్షరాలతో చేయలేని పదం ఏది: పేరెంట్, మ్యాటర్, ట్యాంపర్డ్, పర్మనెంట్? నాలుగింటిలోనూ కొత్త అక్షరం ఒక్కటీ లేదు. అందుకే చాలామంది ఇక్కడ తికమకపడతారు. డిపార్ట్‌మెంట్‌లో ఇ రెండు, టి రెండు, మిగతావన్నీ ఒక్కొక్కటే. పర్మనెంట్‌కు ఎన్ రెండు కావాలి, ఉన్నది ఒకటే. జవాబు అదే. ఈ రకం ప్రశ్నలో పెద్ద పదం కింద రెండుసార్లు వచ్చిన అక్షరాలు మాత్రమే రాసుకోండి. తర్వాత ఆప్షన్లలో కొత్త అక్షరం లేదని తేలాక, ఏ అక్షరం రెండుసార్లు ఉందో చూస్తే చాలు. పదాన్ని మొత్తం చదవనక్కర్లేదు.

మొదటి రకంలో అక్షరాలను అటూ ఇటూ మార్చి చూడటం అలవాటైతే మానుకోండి. నాలుగు అక్షరాలకు 24 అమరికలు, ఐదింటికి 120, ఏడింటికి 5,040. పెన్ను అరిగిపోతుంది. దానికి బదులు అచ్చులను ఒక పక్కకు తీసి, హల్లుల్లో జంటలు వెతకండి. క్యూ కనిపిస్తే పక్కన యు పెట్టేయండి. హెచ్ ఉంటే టి, ఎస్, సి, డబ్ల్యూలలో ఏదో ఒకటి దాని ముందు కూర్చుంటుందేమో చూడండి. సి-కె జంట పదం మొదట్లో రాదు. వి, జెలతో ముగిసే మామూలు పదాలు దాదాపు ఉండవు. అక్షరాలు ఎక్కువుంటే చివరి ముక్కను లాగేయండి: ఐ-ఎన్-జి, ఇ-డి, ఇ-ఆర్, టి-ఐ-ఓ-ఎన్.

సి, ఇ, ఐ, డి, ఓ, ఎన్, టి, యు, ఎ అనే తొమ్మిది అక్షరాలు ఇచ్చారనుకోండి. టి-ఐ-ఓ-ఎన్ తీసేస్తే ఇ, డి, యు, సి, ఎ మిగులుతాయి. ‘ఎడ్యుకేషన్’ వచ్చేసింది. అక్కడితో ఆగితే దెబ్బతింటారు. ఈసారి ఇ-డి తీసి చూడండి. మిగిలిన ఏడింటితో ‘కాషన్’, ‘ఆక్షన్’ రెండూ అవుతాయి. తీసిన ఇ-డి మళ్లీ చేరిస్తే కాషన్డ్, ఆక్షన్డ్. అంటే మొత్తం మూడు పదాలు.

‘ఒకే పదం వస్తే దాని మూడో అక్షరం ఏది, ఒకటి కంటే ఎక్కువ వస్తే ఫలానా ఆప్షన్’ అనే ప్రశ్నల్లో ఇదే ఉచ్చు. పర్సనాలిటీ స్పెల్లింగ్‌లో 1, 2, 7, 8 స్థానాల అక్షరాలు పి, ఇ, ఎ, ఎల్. లీప్ తట్టగానే ఎ అని గుర్తు పెట్టేస్తారు. దూకడం అనే అర్థంలో లీప్ సరే, పాలిపోయిన అనే అర్థంలో పేల్ ఉంది, మొర అనే అర్థంలో ప్లీ ఉంది. కాబట్టి మొదటి పదం దొరికాక, దాని మొదటి అక్షరం మార్చి మరో పదం వస్తుందేమో పది సెకన్లు తప్పక చూడండి. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు, పొట్టి రూపాలు (అబ్రివియేషన్లు) లెక్కలోకి రావు.

మూడో రకంలో అరుదైన అక్షరంతో మొదలుపెట్టాలి. ఏది అరుదో చెప్పడానికి స్క్రాబుల్ అనే పదాల ఆటలోని అక్షరాల బిళ్లలు మంచి కొలబద్ద. వంద బిళ్లల్లో ఇ 12 ఉంటే జె, కె, క్యూ, ఎక్స్, జడ్ ఒక్కొక్కటే. ఎం, వై, జడ్ ఉన్న పదం కావాలంటే ఎం దగ్గర మొదలుపెట్టి వెతికితే పోగు చాలా పెద్దది. జడ్ పట్టుకుంటే ఎంజైమ్ త్వరగా తడుతుంది.

సాధనకు రోజూ పది సెట్లు చాలు. ఒక్కోదానికి 40 సెకన్లు. దాటితే వదిలేయండి, పరీక్షలోనూ అంతే. పదాలు వెతికిపెట్టే యాప్‌లను ప్రయత్నం అయ్యాకే తెరవండి. అవి ఎవరూ వాడని పదాలు కూడా చూపిస్తాయి, అవన్నీ రాసుకోకండి. తప్పు పోయిన ప్రతిదాన్నీ నోటుబుక్‌లో అక్షరక్రమంలో సర్దిన తలకట్టుతో రాయండి: ‘ఇ, ఐ, ఎం, టి’ అని పైన, కింద టైమ్, ఐటెమ్, ఎమిట్. నెలలో ఎదురుగా వచ్చిన అక్షరాలను చేయి దానంతటదే సర్దేస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో అనాగ్రామ్‌లను (అవే అక్షరాలతో వచ్చే వేర్వేరు పదాలను) గుంపులు చేయమంటే రాయాల్సిన ప్రోగ్రామ్ కూడా ఈ తలకట్టే. ప్రతి పదం అక్షరాలనూ క్రమంలో పెట్టి, దాన్ని ‘కీ’గా (గుర్తుగా) చేసి ఆ పదాన్ని దాని కింద ప్రోగ్రామ్‌లోని డిక్షనరీలో (కీల పట్టికలో) దాచాలి. స్టాప్, పోస్ట్, స్పాట్ మూడూ ఒకే కీ కిందకు చేరతాయి. కొన్ని అక్షరాలే వాడే ప్రశ్న అయితే కీ పనిచేయదు, ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో రాసుకునే 26 గళ్ల లెక్కపట్టీ కావాలి. పైథాన్ భాషలో ఇక్కడ ఒక్కో అక్షరాన్నీ ఒక్కసారే ఉంచుకునే సెట్ వాడితే రెండో ఎన్ మాయమై, పర్మనెంట్ సరైనదిగా బయటికొస్తుంది. ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టే కౌంటర్ వాడండి. పెద్ద, చిన్న అక్షరాలను ముందే ఒకటి చేయండి. పదాల ఫైల్ చదివేటప్పుడు వరుస చివర కనిపించకుండా ఉండే న్యూలైన్ గుర్తును స్ట్రిప్ అనే ఆదేశంతో తీసేయండి. లేకపోతే అది కూడా ఒక అక్షరంగా కీలో చేరి, మీరు టైప్ చేసిన పదానికి జత ఒక్కటీ దొరకదు.