గూగుల్‌లో దొరికేలా, జనం చదివేలా తెలుగు ఆర్టికల్‌కి టైటిల్ ఎలా పెట్టాలి?

ఈ ప్రశ్న ఎవరు అడిగినా నంబర్ పెట్టండి, ఆశ్చర్యపరచండి, 60 అక్షరాలు దాటనివ్వకండి అని చెబుతారు. నేను తిరుపతిలో ఉంటాను, తిరుమల యాత్ర గురించే రాస్తాను. బయల్దేరే మనిషి ఇంట్లోవాళ్లని ఏ మాటల్లో అడుగుతాడో ఆ మాటలే టైటిల్. ఇంతకు మించిన సూత్రం నాకు దొరకలేదు.

2023 ఆగస్టులో అలిపిరి నడక దారిలో చిరుత ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 15 ఏళ్లలోపు పిల్లలను ఉదయం 5 నుంచి మధ్యాహ్నం 2 వరకే నడక దారిలో అనుమతిస్తామని టీటీడీ ప్రకటించింది. అప్పట్లో నేనొక వెబ్‌సైట్‌కి రాసేవాణ్ణి. ‘తిరుమల నడక దారి: పిల్లలకు మధ్యాహ్నం 2 వరకే అనుమతి’ అని పెట్టి పంపాను. గంట తిరక్కముందే డెస్క్‌వాళ్లు దాన్ని ‘షాకింగ్: తిరుమల నడక దారి బంద్?’ అని మార్చేశారు. కింద నా పేరు మాత్రం అలాగే ఉంచారు. అడిగితే, చివర క్వశ్చన్ మార్క్ ఉంది కదా, తప్పేముంది అన్నారు.

మా మేనత్తది పలమనేరు. మనవడికి జ్వరం తగ్గితే వాణ్ణి వెంటబెట్టుకుని, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ కొండెక్కుతానని మొక్కుకుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. కిలో పసుపు, కుంకుమ పొట్లాలు గుడ్డసంచిలో కట్టుకుని సిద్ధమైంది. ఆ వారమే ఇంటి వాట్సాప్ గ్రూపులో ఈ టైటిల్ వచ్చింది. లింక్ ఎవరూ తెరవలేదు. నేరుగా కొండ బస్సెక్కేశారు. బస్సు అలిపిరి దాటుతుంటే పిల్లల్ని వెంటబెట్టుకుని నడిచిపోయేవాళ్లు కనిపించారట. టైమ్ ఉదయం 9.

పైనుంచి నాకు ఫోన్ చేసింది. “దారి మూసేసినారని నువ్వే రాసినావు కదా నాయనా, మరి వాళ్లంతా ఎట్ల పోతాండారు?” అంది. నా దగ్గర జవాబు లేదు. సాయంత్రం మా ఇంటికి వచ్చినప్పుడు ఆ సంచి ముడి కూడా విప్పలేదు. ఆ నెలాఖరుకే ఆ వెబ్‌సైట్ మానేశాను.

షాకింగ్, బిగ్ బ్రేకింగ్, భక్తులకు బ్యాడ్ న్యూస్ లాంటివి చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. సినిమా వార్తకి పెట్టుకోండి, నష్టం లేదు. సెలవు పెట్టి, టికెట్లు బుక్ చేసుకుని, ముసలివాళ్లని తీసుకుని వచ్చేవాళ్లతో ఈ ఆటలేంటి?

ఇక గూగుల్ సంగతి. అది అక్షరాలు లెక్కపెట్టదు, స్క్రీన్ వెడల్పులో పట్టనిది కత్తిరించేస్తుంది. మన అక్షరాలకి చోటు ఎక్కువ కావాలి కాబట్టి అసలు మాట ముందే పడాలి. ‘భక్తులకు ముఖ్య గమనిక’ అని మొదలుపెడితే విషయం వచ్చేలోపే తెగిపోతుంది. 2021లో గూగుల్ టైటిల్స్ చూపించే పద్ధతి మార్చింది. మనం పెట్టింది పేజీకి పొంతన లేదనుకుంటే లోపలి హెడ్డింగ్ తీసి చూపిస్తుంది. అందుకే రెండూ ఒకే మాట చెప్పేలా చూసుకుంటాను.

ఊరి పేర్ల దగ్గరా జాగ్రత్త కావాలి. మనం తిరుమల అంటాం, బయటివాళ్లు కొండకీ తిరుపతి అనే అంటారు. టైటిల్‌లో రెండు పేర్లకీ చోటు చూడండి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా వేరుపడింది, అయినా శ్రీకాళహస్తిని చిత్తూరు జిల్లాలో వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. కొత్త జిల్లా టైటిల్‌లో, పాత జిల్లా మొదటి పేరాలో పెడతాను.

సంక్రాంతి దాటాక అత్త మళ్లీ వచ్చింది. తెల్లవారుజామున అలిపిరిలో మొదలుపెట్టాం. సంచి నేను మోశాను, పిల్లోడు కుంకుమ పెట్టాడు. గాలిగోపురం దగ్గర కూర్చుంటే పక్కన ఆయాసపడుతున్న ఒక పెద్దాయన, “ఇంకా ఎంత దూరం అబ్బయ్యా?” అని అడిగాడు. ఐదు నిమిషాల్లో ఇంకో ఇద్దరు అదే అడిగారు. ఇంటికొచ్చి ‘అలిపిరి మెట్లు: గాలిగోపురం దాటాక ఇంకా ఎంత దూరం?’ అని రాసి నా సొంత సైట్‌లో పెట్టాను. మోకాళ్ల మెట్టు ఎక్కడొస్తుంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి, అంతే ఉంటుంది అందులో. నేను రాసినవాటిలో ఎక్కువమంది చదివింది అదే.